మొరాయించిన బోల్టు

ఖరగ్‌పూర్‌లో వాన వెలిసిన ఒక ఆషాఢ సాయంకాలం. నిమ్‌పురాలోని మా ఇంటి ముందు తమ్ముడి సరుకుల వ్యాను నిలిచి ఉంది. దాని డీజిలు టాంకును కట్టి ఉంచే రెండు ఇనుప పట్టీలలో ఒకటి తుప్పు తిని తెగిపోయింది. రెండవది ఎన్నాళ్ళుంటుందో తెలియదు. కొత్త పట్టీలు సిద్ధంగానే ఉన్నాయి. పాత బోల్టు మాత్రం కదలనంటోంది. పానా జారి మూడుసార్లు తమ్ముడి వేళ్ళు చెక్కుకుపోయాయి. విసిగిపోయి, పక్క షెడ్డు నుంచి గ్యాసు మంట అరువు తెచ్చి ముట్టించబోయాడు.

వరండాలో కూర్చున్న మా నాన్నగారు చటుక్కున లేచారు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. సాధారణంగా గొంతు పెంచరు.

“ఒరే, ముందా మంట అవతల పెట్టు! టాంకు ఖాళీ చేశావా?”

“చేశాను నాన్నా. చుక్క లేదు. ఇంకేం భయం?”

“అందుకేరా భయం!” అన్నారాయన.

ఈ మాట మనలో చాలామందికి వింతగా తోస్తుంది. నిండు టాంకు ప్రమాదమనీ, ఖాళీ టాంకు నిరపాయమనీ మన నమ్మకం. కాని మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. నిండు టాంకులో ఆ గాలికి చోటు తక్కువ. ఖాళీ టాంకు గోడలకు పలుచని పొరలా డీజిలు అంటుకునే ఉంటుంది. మామూలు వేడికి అది అంతగా ఆవిరి కాదు. మంట తగిలిందా, ఆవిరై లోపలి గాలితో కలుస్తుంది. అప్పుడా టాంకు బాంబుతో సమానం. పెట్రోలు సంగతి మరీ ఘోరం. దానికి వేడి చేయడం కూడా అక్కరలేదు. దాని ఆవిరి గాలికంటె బరువైనది కనుక నేలబారున పాకిపోయి, ఎక్కడో దూరాన వెలుగుతున్న పొయ్యిని సైతం చేరుకోగలదు.

ఇంతకూ బోల్టు ఎందుకు బిగుసుకుంటుంది? ఇనుము తుప్పుగా మారినప్పుడు దానికి రెండింతలకు పైగా చోటు కావాలి. బోల్టుకూ నట్టుకూ మధ్య మరలలో ఉన్న సందు వెంట్రుకవాసి మాత్రమే. తుప్పు అక్కడ ఉబ్బి రెంటినీ ఒకటి చేస్తుంది. పైగా ఇది బెంగాలు; నెలల తరబడి వానలు. పట్టీకీ టాంకుకూ నడుమ ఉండే రబ్బరు అరిగితే అక్కడ బురద చేరి, తడి ఆరదు.

ఈ ఊళ్ళో ఇనుముతో సహవాసం మా వాళ్ళకు కొత్త కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 20వ శతాబ్దం తొలినాళ్ళలో వాల్తేరు దాకా తీరపు లైనును తన చేతిలోకి తీసుకుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం ఖరగ్‌పూర్ చేరాయి. ఆ రైల్వే కార్మికులకు 1920లలో నాయకత్వం వహించిన వి.వి. గిరి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. తాతలు సుత్తి పట్టిన చోటే తండ్రులూ పట్టారు. పుస్తకాలలో లేని విద్య చేతి నుంచి చేతికి వచ్చింది.

ఆ విద్యలో మొదటి పాఠం పానాను ఎంచుకోవడం. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ సూచించిన మరల కోణం 55 డిగ్రీలు. నేటి మెట్రిక్ మరలది 60. నాన్నగారి తరం రెంటితోనూ పనిచేసింది. ‘దాదాపు సరిపోయే’ పానా నట్టు మూలలను అరగదీస్తుంది. ఆ తరువాత ఏ పానాకూ పట్టు దొరకదు.

తమ్ముడి చేత ఆయన పని మొదటి నుంచి చేయించారు. బ్యాటరీ తీగ విప్పించారు. చక్రాలకు అడ్డు పెట్టించి, టాంకు కింద చెక్కపలక వేసి జాకీ నిలిపించారు. లీటరు డీజిలు 800 గ్రాములు దాటుతుంది. 60 లీటర్లున్న టాంకు పట్టీ విప్పగానే 50 కిలోల బరువు మీద పడుతుంది. ఖాళీ టాంకయినా ఈ అలవాటు మానరాదంటారాయన. తరువాత, బయటికి కనిపించే మరలను తీగబ్రష్షుతో తోమించారు. నట్టు ఊడి రావలసిన దారి అదే కదా! తుప్పు వదిలించే నూనె పోయించి, “ఇక భోజనానికి పద. రాత్రంతా నూనె దాని పని అది చేసుకుంటుంది” అన్నారు.

తెల్లవారాక మరికొంత నూనె పోసి, నట్టు పక్కలను చిన్న సుత్తితో తట్టించారు. ఆ అదురుకు తుప్పు బీటలు వారుతుంది. ఆపైన రింగు పానా వేసి, విప్పే వైపు కాక ముందు బిగించే వైపు రవ్వంత తిప్పమన్నారు. సన్నగా ‘కిర్రు’మంది. పట్టు వదిలిందన్నమాట. వెనక్కి పావు చుట్టు, ముందుకు అర పావు, మళ్ళీ నూనె. ఇరవై నిమిషాలలో నట్టు చేతిలోకి వచ్చింది.

అప్పటికీ రాకపోతే? హాక్సా బ్లేడుకు నూనె రాసి నెమ్మదిగా కోయాలి. నిప్పురవ్వలు చిమ్మే గ్రైండరు టాంకు దగ్గరకు రాకూడదు. “మేమూ వర్క్‌షాపులో వేడి చేసేవాళ్ళం. వేడికి ఇనుము సాగుతుంది, తుప్పు విడుతుంది. అయితే ముందు చుట్టుపక్కల ఏముందో చూసుకునేవాళ్ళం” అన్నారు నాన్నగారు.

కొత్త పట్టీల కింద కొత్త రబ్బరు వేశారు. పాత బోల్టులు పారేసి, కొత్తవాటి మరలకు గ్రీజు పూసి, రెండు పట్టీలనూ మార్చి మార్చి సమంగా బిగించారు. రబ్బరు అణిగి పట్టీ వదులవుతుంది కనుక వారం తిరిగాక మరొకసారి చూడమన్నారు.

తమ్ముడు గ్యాసు సిలిండరు తిరిగి ఇచ్చి వచ్చాడు. వారం తరువాత, ఎవరూ గుర్తు చేయకుండానే, పానా పట్టుకుని వ్యాను కిందికి దూరాడు.