అతిమధురం కషాయం: తీపితోనే చిక్కు

గొంతు గరగరలాడితే అతిమధురం వేరు దంచి, నీళ్లలో మరిగించి తాగడం మన ఇళ్లలో పాత అలవాటే. ఇప్పుడు హెర్బల్ టీ అంటున్నాం గానీ ఇందులో తేయాకు ఉండదు. తులసి, పుదీనా ఆకులైతే వేడినీళ్లు పోసి మూతపెడితే చాలు. గట్టి వేరును మాత్రం మరిగించాల్సిందే.

ఈ వేరు తీపికి కారణం గ్లిజరైజిన్. పంచదార కంటే 30 రెట్లకు పైగా తీపి. చిక్కంతా దీనితోనే. కార్టిసాల్ అనే హార్మోనుకు మూత్రపిండాల్లో ఉప్పును నిలిపి ఉంచే గుణం ఉంది. ఒక ఎంజైము దాన్ని అక్కడే నిర్వీర్యం చేస్తుంటుంది. గ్లిజరైజిన్ పేగుల్లో మార్పు చెంది, ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి రక్తపోటు పెరుగుతుంది. పొటాషియం మూత్రంలో పోతుంది. అది మరీ తగ్గితే కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది. 1946లో నెదర్లాండ్స్ వైద్యుడు రెవర్స్ కడుపులో పుండ్లకు అతిమధురం ఇచ్చినప్పుడు, కొందరు రోగులకు ఒళ్లు ఉబ్బడం గమనించాడు.

జలుబుకు రెండు రోజులు తాగితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. వారాల తరబడి రోజూ తాగడమే ప్రమాదం. బీపీ ఉన్నవారు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. ఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే కషాయం సంగతి ఎవరూ చెప్పరు, అది మందు కాదనుకుంటారు. చెప్పండి. పొట్లం మీద యష్టిమధు, ములేఠీ అని రాసి ఉన్నా ఇదే వేరు.