వార్తల్లో పదం: బాణామతి

మంత్రంతో మనిషికి జబ్బు తెప్పించవచ్చని, ప్రాణం తీయవచ్చని నమ్మే చేతబడినే తెలంగాణ పల్లెల్లో బాణామతి అంటారు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఈ అనుమానంతో దాడులు, హత్యలు జరిగాయి. వాకిట్లో నిమ్మకాయలు, పసుపు, కుంకుమ కనబడితే చాలు, వేళ్లన్నీ ఒకే ఇంటి వైపు లేస్తాయి. ఆ ఇంట్లో ఉండేది తరచూ ఒంటరి ముసలమ్మో, భూమి తగాదా ఉన్న దాయాదో. మంత్రం నోట పలకకూడదని పళ్లు ఊడగొట్టిన ఘోరాలూ తెలంగాణలో ఉన్నాయి. ఆ నోటితో ఆ మనిషి ఇక అన్నం ఎలా నమలాలి?

పసిబిడ్డ ఎందుకు చనిపోయింది? కర్మ అనో, దేవుడి పరీక్ష అనో మతాలు జవాబు చెబుతాయి. కడుపుకోతకు అది చాలదు. బాణామతి మాత్రం ఒక మనిషిని చూపిస్తుంది, చేతికి దొరికే మనిషిని. ఇది ఒక్క తెలంగాణ కథే కాదు. 1692లో అమెరికాలోని సేలంలో ఇలాంటి అనుమానంతోనే 19 మందిని ఉరితీశారు.

మంత్రగత్తె అనే ముద్ర వేసి వేధించడాన్ని ఆపేందుకు బీహార్ 1999లో ప్రత్యేక చట్టం చేసింది. మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత 2013లో మహారాష్ట్ర తెచ్చింది. తెలంగాణలో అలాంటిది లేదు, హత్య, దాడి సెక్షన్లే దిక్కు. అవి దెబ్బ పడ్డాక పనికొస్తాయి. నెలల తరబడి సాగే పుకారును, వెలిని ఆపే చట్టం ఇక్కడా కావాలి.