ఏ నొప్పికి రుద్దాలె, ఏ నొప్పికి రుద్దొద్దు

మిల్లు భోంగా మోగక ఎన్నో ఏండ్లయింది. కాని మన ఒంట్ల నొప్పులకు ఇంకా పాళీలు నడుస్తనే ఉన్నయి. పగటి పాళీ మోకాళ్లది, రాత్రి పాళీ నడుముది. మా షోలాపూర్ చాళ్లల్లో దీపాలు పెట్టే వేళకు ఏ గడప ముందు నుంచి పోయినా వేడి నూనె వాసన వస్తది. వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె ఒక ఇంట్లో, వాము వేసింది ఇంకో ఇంట్లో, ఆముదం మరో ఇంట్లో. మందుల షాపుకు పోయే ముందు మనకు తెలిసిన వైద్యం అదే. మన అమ్మలు పుట్టిన పిల్లలకు, బాలింతలకు చేసింది కూడా అదే.

నేను మిల్లుల నేత ఖాతాలో పదిహేనేండ్లు, మిల్లు మూతపడ్డంక టవళ్ల కార్ఖానాలో ఇరవై ఏండ్లు చేసిన. ఎనిమిది గంటలు బండల మీద నిలబడుడు, పోగు తెగితే వంగి అతుకుడు, కండె అయిపోతే నాడె మార్చుడు. నా భార్య బీడీలు చుడ్తది. ఒళ్ళో చాట పెట్టుకొని పొద్దంత మెడ వంచి కూసుంటది. నాకు భుజం, ఆమెకు మెడ, బొటనవేలు. రాత్రి బువ్వ తిన్నంక ఒకరికొకరం రుద్దుకునేది. ఈ అలవాటు మంచిదే. కాని ఏ నొప్పికి చెయ్యి వెయ్యాలె, ఏ నొప్పికి వెయ్యొద్దు అన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న. మీరు ముందే తెలుసుకోవాలని ఇది రాస్తున్న.

నా కుడి భుజం ఒకసారి పట్టేసింది. అంగీ తొడుక్కునేటందుకు చెయ్యి లేవదు, వెనక్కు పోదు. నాలుగు నెలలు ఆమె రోజూ రుద్దింది. రుద్దినప్పుడు హాయి, పొద్దుగాల లేస్తే మళ్లా అట్లనే. మంగలి షాపుల ఒకాయన "ఒక్క గుంజు గుంజితే సాపు అయితది" అన్నడు. నేను భయపడి ఒప్పుకోలేదు. చివరికి కార్ఖానా ఈఎస్ఐ కార్డు పట్టుకొని దవాఖానకు పోతే ఫిజియోథెరపీకి పంపిన్రు. అక్కడ చూసింది మరాఠీ పిల్ల, నా బిడ్డ వయసుది. నన్ను "కాకా" అని పిలిచేది.

ఆ పిల్ల చెప్పిన మాటలు నాకు చదువు లెక్క ఉపయోగపడ్డయి. మనం అన్నిటికీ "నరం పట్టింది" అంటం. పట్టేది చాలాసార్లు నరం కాదు, కండ. ఒకే తీరు పని చేసి చేసి కండ బిగుసుకపోతది, అక్కడ వేలు పెడితే గట్టిగా ముడి లెక్క తగుల్తది. మాలిష్ పని చేసేది ఈ కండ నొప్పికే. చేతి ఒత్తిడికి, వేడికి కండ సడలుతది, కొంతసేపు నొప్పి తగ్గుతది. కీలు లోపల అరిగిన దాన్ని ఏ నూనె కూడా మళ్లా పెంచలేదు. "మరి ఏ నూనె మంచిది?" అని అడిగిన. "నూనె చెయ్యి జారేటందుకు కాకా, పని చేసేది చెయ్యి" అన్నది.

నా భుజం సంగతి వేరే. అది కండ పట్టు కాదు. కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకపోయింది. షుగరు ఉన్నోళ్లకు ఇది ఎక్కువ వస్తదట. పరీక్ష చేస్తే నాకు నిజంగనే షుగరు బయటపడ్డది. నాలుగు నెలలు నూనె రాసుకుంట కూసున్న గాని రక్తం చూపించుకోలేదు. ఆ పిల్ల ముందు వేడి కాపు పెట్టేది, తర్వాత భుజం చుట్టూ మెల్లగా పిసికేది, ఆ తర్వాత కదిలించేది. ఇంటికాడ ముందుకు వంగి చెయ్యి వేలాడదీసి గడియారం లోలకం లెక్క ఊపమన్నది. గోడ మీద వేళ్లతోని చీమ లెక్క పైకి పాకమన్నది. మాలిష్ ఒక్కటే చేసి ఊకుంటే సగం పనే. చెయ్యి పూర్తిగా పైకి లేచేసరికి దగ్గర దగ్గర ఏడాది పట్టింది, కాని లేచింది.

ఇప్పుడు నా భార్య సంగతి. మూడేండ్ల కింద ఆమెకు కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చి పది రోజులు మంచం మీదనే ఉన్నది. ఒక సాయంత్రం "ఏమయ్యా, ఎడమ పిక్క గుంజుతున్నది, జర రుద్దు" అన్నది. నేను నూనె వేడి చేసి కూసున్న. చూస్తే ఒక్క కాలే వాచింది, చర్మం బిగిసి మెరుస్తున్నది, ముట్టుకుంటే రెండో కాలి కంటే వేడి. నా చెయ్యి ఆగింది. ఆ ఫిజియో పిల్ల చెప్పిన మాట యాదికొచ్చింది: "ఒక్క పిక్క వాచి వేడిగా ఉంటే రుద్దొద్దు కాకా, దవాఖానకు తీసుకపో." ఆమె కోపం చేసింది. "నీకు నేను ఏండ్ల నుంచి రుద్దిన, నాకు ఒక్కనాడు చెయ్యి రాదా?" అన్నది. ఆ మాట గుచ్చుకున్నది. అయినా ఆటో పిలిచిన. దవాఖానల డాక్టరు అడిగిన మొదటి మాట, "కాలు రుద్దిన్రా?" లేదన్న. డాప్లర్ స్కాన్ తీస్తే రక్తనాళంల గడ్డ ఉన్నది. రుద్దితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోవచ్చు, ప్రాణం పోవచ్చు అన్నడు. నెలల తరబడి రక్తం పలచబడే గోళీలు వాడింది. ఇప్పుడు బాగున్నది.

అందుకే అక్కలారా, అన్నలారా, ఈ లెక్క గోడకు రాసి పెట్టుకోండి.

రుద్దొచ్చు: పని చేసి బిగిసిన మెడ, భుజాలు, నడుము కండలు, నిలబడి నిలబడి అలిసిన రెండు కాళ్లు. ముందు వేడి నీళ్లల్లో ముంచి పిండిన తువ్వాల పదిహేను నిమిషాలు వెయ్యాలె. మొదలు నిమరాలె, తర్వాత పిసకాలె, మళ్లా నిమిరి ఆపాలె. కాళ్లు, చేతులు కింది నుంచి గుండె దిక్కుకు నిమరాలె. వెన్నుపూస మీద వత్తొద్దు, దాని పక్క కండల మీదనే. కళ్లల్ల నీళ్లు వచ్చేటట్టు వత్తుడు వైద్యం కాదు.

రుద్దొద్దు: పడి దెబ్బ తగిలి వాచినకాడ, ఎముక విరిగిందని అనుమానం ఉన్నకాడ, ఎర్రగా వేడెక్కిన కీలు, జ్వరం ఉన్నప్పుడు, పుండు, చీము ఉన్నకాడ, ఒక్క పిక్క వాచినప్పుడు. రక్తం పలచబడే గోళీలు వాడేటోళ్లకు గట్టిగా వత్తొద్దు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినోళ్లకు వేడి కాపు వద్దు, కాలినా తెల్వదు. మంగలి షాపుల మెడ టక్కుమని తిప్పించుకోవద్దు, మెదడుకు రక్తం పోయే నాళం చీలి పక్షవాతం రావచ్చు.

దవాఖానకు ఉరకాలె: నడుము నొప్పితోని కాలు బలం తప్పినా, కూసునేకాడ మొద్దుబారినా, ఒంటికి పోవుడు ఆగినా, తెల్వకుండ పోయినా. ఎడమ భుజం నొప్పితోని చెమటలు పట్టి, ఛాతి బరువెక్కినా అంతే. అది భుజం కాదు, గుండె కావచ్చు.

మోకాళ్లు అరిగినోళ్లకు ఒక చిన్న పని. మన చేతులతోని నేసిన టవలునే చుట్టి మోకాలు కింద పెట్టండి. కాలు చాపి, టవలును కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, పొద్దున సాయంత్రం. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతది.

ఇంకొక మాట. కనీసం ఐదేండ్లు ఈఎస్ఐల ఉండి, వయసు నిండి రిటైరైనోళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే మొగుడు పెండ్లాం ఇద్దరికీ ఈఎస్ఐ వైద్యం దొరుకుతది. చాలామందికి ఈ సంగతి తెల్వదు. కార్డు పాత ట్రంకు పెట్టెల పడి ఉంటది, నొప్పి మాత్రం మంచం మీద ఉంటది. కార్డు బయటకు తీయండి, బ్రాంచి ఆఫీసుల అడగండి.

మా ఇంట్ల నూనె గిన్నె ఇంకా పొయ్యి పక్కనే ఉన్నది. రాత్రి ఆమె నా భుజం రుద్దుతది, నేను ఆమె మెడ రుద్దుత. ఇప్పుడు గిన్నె పట్టుకునే ముందు ఒక్క నిమిషం లైటు వేసి, వాపు ఉన్నదా, వేడి ఉన్నదా, ఎరుపు ఉన్నదా చూసుకుంటం. మీ ఇంట్ల కూడా అట్ల చూసుకోండి.