తెల్లారేదాకా ఆ పాత పాటలే!

అర్ధరాత్రి దాటి రెండైంది. ఊరంతా గాఢనిద్రలో ఉంది. ఒక్క హాలు ముందు మాత్రం వందల మంది క్యూ కట్టారు. ప్రతి ఒక్కరి చేతిలో ఓ సంచి. అందులో తువ్వాలు, మార్చుకోవడానికి ఓ చొక్కా, పౌడరు డబ్బా. లోపల మందు అమ్మరు. చాలా రాత్రులు స్టేజీ మీద పాడేవాళ్లూ ఉండరు. ఉన్నదల్లా గ్రామఫోన్ రికార్డులు... అవీ ఎక్కువ భాగం అమెరికాలో ఎప్పుడో విడుదలై, కొనే దిక్కులేక గోడౌన్లలో మూలపడ్డవి! ఆ పాటలకే పొద్దున్న ఎనిమిదింటిదాకా డాన్సు చేసి, చెమటతో తడిసిముద్దై ఇంటిదారి పట్టేవారు.

ఇంగ్లండులోని విగన్ అనే ఊళ్లో 1970ల నాటి శనివారం రాత్రుల ముచ్చట ఇది. ఆ హాలు పేరు విగన్ క్యాసినో. పేరు చూసి జూదశాల అనుకునేరు, అదో పాతకాలం డాన్సు హాలు. 1973 సెప్టెంబరు 23న అక్కడ తొలి జాగారం జరిగింది. 1981 డిసెంబరు 6న ఆఖరిది. తర్వాత ఆ భవనమే లేకుండా పోయింది. కానీ దాని పేరు చెప్పుకొని ఇప్పటికీ నివాళి రాత్రులు జరుగుతూనే ఉన్నాయి. వాటితోపాటే ఓ పాత తగవు కూడా! అసలైన అభిమాని ఎవరు? నలుగురితో పాటు నారాయణా అంటూ వచ్చిందెవరు?

పారేస్తే ఏరుకున్నారు

ఈ సంగీతాన్ని నార్తర్న్ సోల్ అంటారు. పాడింది 1960ల నాటి అమెరికా గాయకులు, ముఖ్యంగా నల్లజాతివారు. గుండెలకు హత్తుకున్నది మాత్రం ఉత్తర ఇంగ్లండులోని మిల్లులు, గనుల ఊళ్ల కుర్రకారు. లండన్‌లో రికార్డుల షాపు నడిపిన డేవ్ గాడిన్ ఈ పేరు పెట్టారు. ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం ఉత్తరాది నుంచి వచ్చేవాళ్లు కొత్త పాటలు చూపిస్తే వద్దనేవారు. దరువు జోరుగా ఉండే పాతవే కావాలనేవారు. వాళ్లకు ఏం చూపించాలో షాపులో పనిచేసేవాళ్లకు తెలియడానికి పెట్టిన గుర్తే తర్వాత ఓ సంగీతానికి పేరైంది.

ఎవరికీ తెలియని పాటను వెతికి తేవడమే ఇక్కడి డీజేల ఘనత. అందుకోసం అమెరికా వెళ్లి గోడౌన్లు గాలించేవారు. దొరికిన పాట పక్క క్లబ్బువాళ్లకు తెలియకుండా రికార్డు మీది పేరుపై కాగితం అంటించేవారు. గాయకుడికి ఏదో దొంగపేరు పెట్టి చెప్పేవారు. ఫ్రాంక్ విల్సన్ 1965లో పాడిన ‘డు ఐ లవ్ యూ’నే తీసుకోండి. మోటౌన్ కంపెనీ దాని విడుదల ఆపేసింది. ముద్రించిన కాపీల్లో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలా మిగిలిన ఒక కాపీ 2009లో 25,742 పౌండ్లు పలికింది!

మరి పౌడరు డబ్బా ఎందుకంటారా? చెక్కనేల మీద చల్లితే కాలు సాఫీగా జారుతుంది. గిరగిరా తిరగాలన్నా, వెనక్కి వాలి లేవాలన్నా అదే సాయం.

టీవీలో చూసి వచ్చారు

రహస్యం ఎన్నాళ్లు దాగుతుంది? 1975లో ‘ఫుట్‌సీ’ అనే పాట బ్రిటన్ టాప్ టెన్‌లోకి ఎక్కింది. విగన్ కుర్రాళ్లు టీవీలో డాన్సు చేశారు. 1977లో టోనీ పామర్ తీసిన డాక్యుమెంటరీ ఆ హాలును ఇంటింటికీ చూపించింది. ఇంకేముంది, బెల్లం చుట్టూ ఈగల్లా జనం!

పాతకాపులకు ఒళ్లు మండింది. కొత్తవాళ్లకు వెడల్పు ప్యాంట్లు, చొక్కాల మీది బ్యాడ్జీలు తెలుసు. పాటలు తెలియవు. డాన్సు చేసేవాళ్ల మధ్యలోంచి గ్లాసు పట్టుకుని నడవకూడదన్న మర్యాదా తెలియదు. ‘మా గుడిని సంత చేశారు’ అన్నట్టుగా కొందరు రావడమే మానేశారు.

ఇది వట్టి అసూయ అని కొట్టిపారేయలేం. వాళ్ల బాధకో కారణముంది. జనం పెరిగితే డీజే ఏం చేస్తాడు? వాళ్లకు తెలిసిన పది పాటలే మళ్లీ మళ్లీ వేస్తాడు. తెలియని పాట మొదలైతే జనం పక్కకు తప్పుకుంటారు. కష్టపడి వెతికి తెచ్చిన రికార్డు పెట్టెలోనే ఉండిపోతుంది. ఎవరూ వినని పాటను వినిపించడం కోసం పుట్టిన రాత్రి అందరికీ తెలిసిన పాటల రాత్రిగా మారిపోతుంది. అక్కడ నష్టపోయేది అభిమాని అహం ఒక్కటే కాదు, మరుగున పడిన ఆ గాయకుడు కూడా.

తలుపు మూసినా కష్టమే

అయితే నాణేనికి రెండోవైపూ చూడాలి. గ్లోరియా జోన్స్ 1960ల మధ్యలో ‘టెయింటెడ్ లవ్’ పాడారు. అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు. 1973లో రిచర్డ్ సియర్లింగ్ అనే డీజే ఆ రికార్డును అక్కణ్నుంచి తెచ్చారు. ఉత్తరాది క్లబ్బుల్లో అది మార్మోగింది. 1981లో సాఫ్ట్ సెల్ బృందం దాన్ని మళ్లీ పాడితే బ్రిటన్‌లో నంబర్ వన్! 2006లో రియానా ‘ఎస్‌ఓఎస్’లో వినిపించే బాణీ కూడా ఆ సాఫ్ట్ సెల్ పాటదే. అభిమానులు పదిలంగా దాచకపోతే ఆ పాట ఏనాడో చచ్చిపోయేది. వాళ్ల దగ్గరే ఉండిపోయుంటే లోకానికి తెలిసేదే కాదు. చిత్రమేమిటంటే, ఆ పాట ప్రపంచాన్ని ఊపేసిన ఏడాదే విగన్ క్యాసినో మూతపడింది.

నేటి నివాళి రాత్రులు చూడండి. బ్లాక్‌పూల్ టవర్ హాలులో, లండన్‌లోని 100 క్లబ్బులో అవే పాటలు మోగుతాయి. 2023లో అయితే రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆర్కెస్ట్రాతో కచేరీయే పెట్టారు. 1975లో పదహారేళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై ఐదు దాటారు. వాళ్ల పక్కనే ఇరవై ఏళ్ల పిల్లలూ ఉంటారు. వీళ్లలో 2014లో వచ్చిన ‘నార్తర్న్ సోల్’ సినిమా చూసి వచ్చినవాళ్లుంటారు, ఫోన్లో డాన్సు వీడియోలు చూసి వచ్చినవాళ్లూ ఉంటారు. తగవు మామూలే. ‘ఆనాటి అసలు రికార్డే వేయాలి, కొత్తగా ముద్రించింది పనికిరాదు’ అని పట్టుబట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

కానీ ఆ పెద్దల్లో టీవీ చూసి వచ్చినవాళ్లు ఎంతమందో! అప్పట్లో ‘వీళ్లకేం తెలుసు’ అనిపించుకున్నవాళ్లే నేడు కాపలాదారులు. పుట్టుకతో ఎవరూ అభిమాని కారు. అన్నయ్య తీసుకెళ్లాడనో, స్నేహితులు రమ్మన్నారనో అడుగుపెట్టినవాళ్లే అందరూ. ఎలా వచ్చారన్నది కాదు, మోజు తీరాక కూడా ఎవరు మిగిలారన్నదే లెక్క.

విగన్‌లో ఓ ఆచారం ఉండేది. పొద్దున్న ఎనిమిదింటికి తలుపులు మూసేముందు ప్రతి వారం అవే మూడు పాటలు. పాడినవాళ్లు టోబీ లెజెండ్, జిమ్మీ రాడ్‌క్లిఫ్, డీన్ పారిష్. నేటికీ చాలా నివాళి రాత్రులు వాటితోనే ముగుస్తాయి. అప్పటికి సరదాకు వచ్చినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. ఏ మూలో ఓ కుర్రాడు మాత్రం నిలబడి, పక్కనున్న పెద్దాయన్ను ‘ఇది ఎవరు పాడారండీ?’ అని అడుగుతాడు. పెద్దాయన విసుక్కుంటే ఆ పాట కథ అక్కడితో సరి. ఓపిగ్గా పేరు చెప్పారా... ఇంకో యాభై ఏళ్లు ఢోకా లేదు!