దొరవారిసత్రంలో దిగండి

నెల్లూరు సీమకు ముస్లిం కుటుంబాలు రావడం కొత్త కాదు. ముహర్రం మాసంలో స్వర్ణాల చెరువు గట్టున జరిగే రొట్టెల పండుగకు తెలుగు రాష్ట్రాల నుంచే కాక తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం తరలివస్తారు. కసుమూరుకు, ఏ.ఎస్.పేటకు ఏడాది పొడవునా వాహనాలు నడుస్తూనే ఉంటాయి. (ఆ ఆచారాలను గురించిన మా అభిప్రాయం వేరొక వ్యాసానికి తగినది. ఇక్కడ దాని జోలికి పోము.) వచ్చినవారు వచ్చిన పని ముగించుకొని, పిల్లలకు మైపాడు సముద్రం చూపించి వెనుదిరుగుతారు. మద్రాసు వైపు సాగేవారికి నాయుడుపేట దాటిన తరువాత దొరవారిసత్రం అనే పేరు కిటికీలో కనిపించి మాయమవుతుంది. అక్కడ దిగవలసినదేముందని ఎవరూ అడగరు.

సత్రమంటే బాటసారులు విశ్రమించే చోటు. మన ఇళ్లలో ముసాఫిర్‌ఖానా అంటాము. ఈ మండలం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది గాని, ఇక్కడివారి మాటలో, వంటలో, బంధుత్వాలలో అది నేటికీ నెల్లూరే. జాతీయ రహదారి నుంచి కొద్ది కిలోమీటర్ల లోపల నేలపట్టు అనే చిన్న పల్లె ఉంది. ఆ పల్లె చెరువులో ప్రతి శీతకాలం వేల పక్షులు బస చేస్తాయి. 1976లో ప్రభుత్వం దీనిని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. చెరువూ, దానిని ఆనుకొన్న చిట్టడవీ కలిపి సుమారు 459 హెక్టార్లు. నడచి చూడదగినంత చిన్నది. అదే దాని సుగుణమని మేము తలుస్తాము.

చెరువు నీటిలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. నెలల తరబడి మొదళ్లు మునిగి ఉన్నా కుళ్లని జాతి అది. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే గూడబాతులు ఆ చెట్ల తలలపై పుల్లలు పేర్చి గూళ్లు కడతాయి. ఒక్కొక్క చెట్టు మీద అనేక కాపురాలు. తల్లీ తండ్రీ వంతులు వేసుకొని నెల రోజులు గుడ్లు పొదుగుతాయి. పిల్లలు ఎగరగలిగేందుకు ఆపైన నాలుగు నెలలు పట్టవచ్చు. ముక్కు కింద సంచీ వేలాడే ఈ పెద్ద పక్షి, పులికాట్ సరస్సు వరకు పోయి చేపలు పట్టి తెస్తుంది. పిల్ల తన తలను తల్లి నోటిలోకి పూర్తిగా దూర్చి తింటుంది. మొదటిసారి చూసిన మా విద్యార్థి ఒకడు తల్లి పిల్లను మింగుతున్నదని కంగారు పడ్డాడు.

ఇక్కడ ఒక మాట సరిదిద్దవలసి ఉంది. ఈ పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు వ్రాస్తాయి, ఉపాధ్యాయులు పిల్లలకు చెబుతారు. నేలపట్టులో కానవచ్చే సుమారు 190 జాతులలో వలస వచ్చేవి 50 వరకే. సూదితోక బాతు వంటివి ఉత్తర దేశాల నుంచి హిమాలయాలు దాటి వస్తాయి, నిజమే. గూడబాతు మాత్రం మన దేశపు పక్షి. దక్షిణ భారతంలోనే నీళ్లున్న చోటును వెదుక్కుంటూ తిరిగి, ఇక్కడికి పిల్లలను కనేందుకు చేరుతుంది. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు కూడా ఇక్కడ గూళ్లు కట్టేవే. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలని వీటిని అనవచ్చు. పరదేశీ అతిథులనడం సరికాదు.

నేలపట్టు రైతులకూ ఈ పక్షులకూ మధ్య ఒక ఒడంబడిక ఉంది. దాన్ని ఏ కాగితం మీదా వ్రాసుకోలేదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానమని రైతులు తరతరాలుగా ఎరుగుదురు. కనుక వేటగాళ్లను గట్టెక్కనివ్వరు. పక్షికి కావలసినది మరొకటి ఉంది. గూడున్న చెట్టు చుట్టూ నీరు నిలిచి ఉన్నంత కాలమే నక్కలు, అడవిపిల్లులు దాని దరికి రాలేవు. నీరంతా పొలానికి పారితే గూటికి రక్ష పోతుంది. నీరు పారకపోతే పైరు ఎండుతుంది. వానలు బాగా కురిసిన ఏట ఈ లెక్క సులభం. కురవని ఏట చెరువులో ఎంత నీరు ఉంచాలి, ఎంత వదలాలి అన్నది ఆ ఊరికి నిజమైన పరీక్ష. పట్టణాల నుంచి వచ్చి ఒక పూట చూసి పోయే మనకు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది. మన ముచ్చటకు వెల కొంత ఆ రైతు చెల్లిస్తున్నాడు.

మేము మా విద్యార్థులతో వెళ్లిన రోజున ఒక బృందం గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టింది, ఈలలు వేసింది. పక్షులన్నీ ఒక్కసారి లేస్తే ఫోటో బాగుంటుందట. లేచాయి. ఆ కొద్ది నిమిషాలలోనే రెండు కాకులు ఒక గూటి అంచున వాలాయి. ఒక ప్రయాణంలో సహచరులు కొందరు ఒక పిట్టకున్న రెండు పిల్లలను తీసుకోగా, ఆ తల్లి రెక్కలు కొట్టుకొంటూ తిరగడం చూసి, పిల్లల విషయంలో దీనిని బాధ పెట్టినదెవరని దైవప్రవక్త (స) ప్రశ్నించి, వాటిని తిరిగి దానికి ఇచ్చివేయమని ఆదేశించిన హదీసును మేము ప్రతి ఏటా అబూ దావూద్ గ్రంథం నుంచి బోధిస్తాము. ఆ రోజు బోధించవలసిన పని లేకపోయింది. మా పిల్లలే ఆ పెద్దమనుషుల దగ్గరకు పోయి మర్యాదగా చెప్పారు. వారు కొంత చిన్నబుచ్చుకొన్నా, ఆగారు.

వెళ్లదగిన కాలం అక్టోబరు నుంచి మార్చి వరకు. సంక్రాంతి సెలవులు అన్నిటికన్నా అనుకూలం, అప్పటికి గూళ్లలో పిల్లలు ఉంటాయి. ఉదయం ఫజ్ర్ తరువాత బయలుదేరి ఎండ ముదరక ముందే చేరాలి. లేదా అసర్ వేళకు చేరితే, పులికాట్ నుంచి గూడబాతులు వరుసలు కట్టి తిరిగి వచ్చే దృశ్యం మగ్రిబ్ వరకు చూడవచ్చు. బడి పిల్లలకు పక్షుల బొమ్మలతో వివరాలు చెప్పే కేంద్రమూ, ఎత్తు నుంచి చూసేందుకు మంచె వంటి కట్టడమూ ఉన్నాయి. బైనాక్యులర్ ఒకటి ఎవరినైనా అడిగి తీసుకొని వెళ్లండి. అది లేకపోతే సగం చూసినట్లే. నమాజుకు చాప, వుజూకు నీళ్లు, ఇంట్లో వండిన తహరీ మీతోనే ఉంటే ఎవరి మీదా ఆధారపడనక్కరలేదు. నెల్లూరు నుంచి దూరం ఇంచుమించు ఎనభై కిలోమీటర్లు గనుక ఖస్ర్ గీటు దగ్గర పడుతుంది. మీ ఇల్లు నగరంలో ఏ వైపున ఉన్నదో చెప్పి మీ ఇమాము గారిని అడగండి.

ఇటువంటి ప్రయాణాలకు మన ఇళ్లలో మగపిల్లలను పంపి, ఆడపిల్లలనూ వారి నానమ్మలనూ వంటకూ కాపలాకూ ఉంచే అలవాటు ఉన్నది. దీనికి ధర్మశాస్త్రంలో ఆధారమేదీ మాకు కనబడలేదు. నేలపట్టులో గట్టు నడక కొద్ది దూరమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు సైతం మెల్లగా నడవగలరు.

మరునాటికి సమయముంటే సూళ్లూరుపేటకు సాగాలి. అక్కడి నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా వెళ్తుంది. చిల్కా తరువాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. పొడవు సుమారు 60 కిలోమీటర్లు, లోతు మాత్రం చాలా చోట్ల నడుము దాటదు. ఆ లోతులేని నీటిలోనే ఫ్లెమింగోలు నిలబడతాయి. స్థానికులు వాటిని రాజహంసలంటారు. తలను తలకిందులుగా నీట ముంచి, ముక్కుతో బురదను వడగట్టి తింటాయి. ఆహారంలోని నాచు, సన్నని రొయ్యల వల్లనే వాటికి గులాబీ రంగు వస్తుంది. దారిలో అటకానితిప్ప వద్ద అటవీశాఖ వారి కేంద్రం ఉంది, ఆగండి. సరస్సు నడుమనున్న వేనాడులో దర్గా ఉంది, గంధోత్సవానికి చాలా మంది వెళ్తారు.

ఈ సరస్సుకు ఒక వ్యాధి ఉన్నది. వాకాడు వైపు రాయదొరువు, కొండూరుపాళెం వద్ద సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతూ వస్తున్నాయి. అలలు లోపలికి రాకపోతే చేప రాదు. వేసవిలో ఉత్తర భాగం ఎండి తెల్లని ఉప్పు నేలగా మారుతుంది. మత్స్యకారులు పూడిక తీయించమని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. సరస్సులో చేప తగ్గితే నష్టం వారితో ఆగదు. నేలపట్టు గూటిలోని పిల్లకు ఆహారం వచ్చేది కూడా ఇక్కడి నుంచే.

రోడ్డు చివర శ్రీహరికోట. 1979 ఆగస్టు 10న ఇక్కడి నుంచి లేచిన ఎస్.ఎల్.వి.-3 ఐదు నిమిషాలు దాటగానే బంగాళాఖాతంలో కూలింది. దాని ప్రాజెక్టు డైరెక్టరు రామేశ్వరం ఇమాము గారి కుమారుడు అబ్దుల్ కలాం. ఆ రోజు పత్రికల వారి ముందుకు సంస్థ అధ్యక్షుడు సతీష్ ధావన్ తానే వెళ్లి బాధ్యత తీసుకొన్నారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరిన రోజున మాత్రం కలాంను ముందుకు పంపారు. కేంద్రానికి 2002లో ధావన్ పేరే పెట్టారు. 2019 నుంచి ప్రయోగాలను ప్రజలు చూసేందుకు గ్యాలరీ ఉంది. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఇస్రో వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు తప్పనిసరి. చోటు దొరకనివారు సూళ్లూరుపేట వైపు నుంచి చూస్తారు. ముందు వెలుగు కనబడుతుంది, ఉరుము వంటి శబ్దం చేరేందుకు ముప్పావు నిమిషానికి పైగా పడుతుంది. ఎందుకని పిల్లలను అడిగి చూడండి.

సరస్సు దక్షిణపు కొన తమిళనాడులోని పళవేర్కాడు. డచ్చివారు 1613లో కట్టిన గెల్డ్రియా కోట శిథిలాలు, వారి సమాధులు అక్కడున్నాయి. మమ్ములను ఆకర్షించినది మసీదులోని సూర్య గడియారం. అసర్ వేళను నీడ కొలతతో నిర్ణయించే పాఠాన్ని మేము ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాము. విద్యార్థులు తలలూపుతారు. రాతి పలక మీద నీడ గీత నుంచి గీతకు జరగడం చూసిన తరువాత వారు అడిగిన ప్రశ్నలు అంతకు ముందెన్నడూ అడిగినవి కావు. అక్కడి తమిళ ముస్లిం సోదరులు షాఫయీలు, పీతల కూర వడ్డిస్తారు. హనఫీలమైన మేము రొయ్యలతో సరిపెట్టుకొన్నాము. రొయ్యల మీద కూడా మా పెద్దల మధ్య వాదమున్నదని ఒక విద్యార్థి గుర్తు చేశాడు, కాని కంచం అప్పటికే ఖాళీ అయింది.

సూళ్లూరుపేట కేంద్రంగా 2001 నుంచి ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. పడవ షికారు, దుకాణాలు, పాటల కచేరీలు ఉంటాయి. పక్షులను చూడదలచినవారు ఆ మూడు రోజులు మినహాయించి మరొక వారం ఎంచుకోవడమే మేలని మా సలహా, ఎందుకంటే నేలపట్టు గట్టున అప్పుడు పక్షుల కంటే మనుషులే ఎక్కువ. మరొకటి, ఇంటి నుంచి బయలుదేరే ముందు ఆ ప్రాంతంలో తెలిసినవారి ద్వారా ఈ ఏడు చెరువు నిండిందా లేదా కనుక్కోండి. నిండని ఏట గూడబాతులు వేరొక నీటిని వెదుక్కొని పోతాయి, కడప చెట్లు ఖాళీగా నిలబడి ఉంటాయి.