వృద్ధుల గుండెజబ్బులు: పట్టణమున మొదలిడిన మందు పల్లెలో ఆగరాదు

హైదరాబాదులో అశోక్‌నగర్ ప్రక్కనున్న ఇందిరా పార్కునకు ప్రతి ఉదయము చిక్కడపల్లి, నారాయణగూడల నుండి వృద్ధులు నడకకై వచ్చుచుందురు. కుమారుని యింట కొలది దినములుండుటకు పల్లె నుండి వచ్చిన పెద్దలు దీనిని చూచి నవ్వుకొనుట కలదు. జీవితమంతయు నాగలి వెంట నడచినవారికి ఈ నడకతో పనియేమని వారి భావము. మేమును ఒకప్పుడట్లే తలచినవారమే. గుండెజబ్బు కూర్చుండి తినెడి పట్టణవాసులదని మన గ్రామములలో నేటికిని పలువురు నమ్ముచున్నారు.

ఈ నమ్మకము సరికాదని గోదావరి తీరపు గ్రామములే తెలిపినవి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు, సుమారు 1,80,000 జనాభాలో, ఒక యేడాదిలో సంభవించిన 1,354 మరణములను పరిశోధకులు విచారించిరి. శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి పోయి, మరణించినవారికి కడపటి దినములలో ఏ లక్షణములుండెనో బంధువులనడిగి వ్రాసికొనిరి. వైద్యులు వానిని పరిశీలించి కారణము నిర్ణయించిరి. నూటికి 32 మరణములు గుండెపోటు, పక్షవాతము మున్నగు గుండె, రక్తనాళముల జబ్బుల వలననే కలిగినవి. అంటువ్యాధుల వలన కలిగినవి నూటికి 12 మాత్రమే. కలరా, మశూచి నాటి భయములే మన మనస్సులలో నిలిచియుండగా మృత్యువు వచ్చు దారి మారినది.

పొలము పని దేహమునకు మేలే. కాని చుట్ట, బీడీల పొగ చేయు చెరుపును, ఊరగాయలలోని ఉప్పు చేయు చెరుపును అది తీర్చజాలదు. వయస్సు మీరినకొలది రక్తనాళములు బిరుసెక్కును. వానిలోనికి రక్తమును నెట్టుటకు గుండె అధికముగా శ్రమింపవలసి వచ్చును. ఈ రక్తపుపోటు నొప్పి పెట్టదు గనుక, కొలిచి చూచిననే తప్ప తెలియదు.

“ఎనుబదేండ్ల వయసులో ఇక మందులెందుకు?” అను మాట మా పర్యటనలలో తరచు విందుము. ఒకప్పుడు వైద్యులకును ఈ సందేహముండెను. 2008లో ప్రకటింపబడిన ఒక అంతర్జాతీయ పరిశోధన దీనిని తీర్చినది. ఎనుబదేండ్లు నిండి, రక్తపుపోటు హెచ్చుగానున్న 3,845 మందిలో సగము మందికి మందును, తక్కినవారికి మందులేని మాత్రను ఇచ్చిరి. మందు పుచ్చుకొన్నవారిలో మరణములు 21 శాతము, గుండె బలహీనపడుట 64 శాతము తక్కువగా నుండెను. సగటున సుమారు రెండేండ్లకే ఫలితము స్పష్టము కాగా పరిశోధనను ముందుగానే ముగించిరి.

చిక్కు మరియొకచోట నున్నది. నారాయణగూడలోనో చిక్కడపల్లిలోనో కుమారుడు తండ్రిని వైద్యునకు చూపి, నెలకు సరిపడు మాత్రలు కొని యిచ్చును. ఊరు చేరిన పెద్దాయన అవి కాగానే, ఒళ్లు బాగానే యున్నదికదా యని మానివేయును. ఒళ్లు బాగుండుట ఆ మాత్ర వలననే యని చెప్పువారుండరు. రక్తపుపోటు నియంత్రణకై 2017లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమున మొదట చేరిన రాష్ట్రములలో తెలంగాణ యొకటి. రోగికి ఇంటి దగ్గరనే మందు అందవలెననుట ఆ కార్యక్రమ సూత్రములలో నొకటి. కావున పట్టణము నుండి తిరిగివచ్చిన వృద్ధుల మందుచీటి ఉపకేంద్రమునకు చేరినదో లేదో వార్డు సభ్యులు విచారింపవలెను. మందు నిల్వ లేనిచో గ్రామపంచాయతీ సమావేశమున అడుగుట వారి హక్కు.

ఆస్పిరిన్ సంగతి వేరు. గుండెకు మంచిదని విని దానిని దుకాణమున కొని నిత్యము మ్రింగువారున్నారు. డెబ్బదేండ్లు దాటిన ఆరోగ్యవంతులకు దానివలన గుండెజబ్బు తగ్గలేదనియు, రక్తస్రావము మాత్రము హెచ్చెననియు 2018లో వెల్లడియైనది. ఇదివరకే గుండెపోటు వచ్చినవారికిది వర్తింపదు. వారు తమంతట తాము మానరాదు.

వృద్ధులలో గుండెపోటునకు రొమ్మునొప్పియే ఎల్లప్పుడు గుర్తు కాదు. ఆయాసము, చెమటలు, హఠాత్తుగా నీరసము మాత్రమే కనబడవచ్చును. వాయువనుకొని సోడా త్రాగించి తెల్లవారువరకు వేచియుండుట మనమెరిగినదే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 వాహనము నేడు పల్లెలకును వచ్చుచున్నది. రాత్రివేళ అది దారి తప్పకుండ, ఫోను చేసిన ఇంటివారిలో ఒకరు రోడ్డు మలుపున దీపముతో నిలువవలెను.