ఫోను మాటకు నడచు బోరుమోటారు

బోరుబావి క్రింద సేద్యము చేయు రైతునకు, కరెంటు వచ్చిన వేళనెల్ల, అర్ధరాత్రియైనను, గట్లవెంట మోటారునొద్దకు పోవుట చిరకాలపు బాధ. ఈ నడకలలో పాముకాటుచేతను, తడిచేతితో స్టార్టరును ముట్టుటచేతను యజమానిని కోల్పోయిన కుటుంబములు మన పల్లెలలో కలవు. ఈ బాధను తగ్గించు రెండు సాధనములను గూర్చి ఇచట వివరించుచున్నాము.

మొదటిది సెల్‌ఫోను స్టార్టరు. మోటారు స్టార్టరునకు ప్రక్కగా ఒక చిన్న పెట్టె నమర్తురు. అందొక సిమ్ముకార్డుండును. రైతు ఇంటినుండి ఆ నంబరునకు ఫోను చేసినచో, పెట్టె ఆ యాజ్ఞను గ్రహించి మోటారును నడుపును, లేదా ఆపును. మూడు ఫేజులలో ఒకటి పోయినను, బోరులో నీరు తగ్గి మోటారు వట్టిగా తిరిగినను, కరెంటులోని మార్పును కనిపెట్టి మోటారు నాపి, రైతునకు వార్త పంపు పెట్టెలును గలవు. దీనివలన మోటారు కాలుట తగ్గును.

రెండవది నేలతేమ సాధనము. విద్యుచ్ఛక్తిని నిలుపుకొను గుణము గాలికి 1 అనుకొన్నచో, పొడిమట్టికి 3 మొదలు 5 వరకును, నీటికి సుమారు 80యు నుండును. కావున వేళ్లలోతున పాతిన కడ్డీలు ఈ భేదమును కొలిచి, నేలలోని తేమను ఫోనునకు తెలుపును. పైన ఎండినట్లు కనబడు నేల లోపల తేమగా నుండవచ్చును. అట్టి యెడల ఒక తడి మిగులును.

అయితే సుఖముతో పాటు అపాయమును గలదు. తెలంగాణములో 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనపుడు, ఆటోస్టార్టరులను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరినది. ఏలయన, కరెంటు రాగానే తమంతట తామే నడచు మోటారులు పైరునకు అక్కర లేకున్నను నీరు తోడును. ఫోనుతో మోటారు వేసి ఆపుట మరచినను ఫలమిదియే. మన బోరునకును పొరుగువాని బోరునకును భూమిలోపల గట్టు లేదు.

కావున సభ్యులు ఈ క్రింది జాగ్రత్తలు పాటింపవలెను:

1. మరమ్మతునకు ముందు మెయిన్‌స్విచ్చి కట్టి, ఫ్యూజులూడదీసి, తమవద్ద నుంచుకొనవలెను. ఇంటివద్ద పిల్లవాడు ఫోను నొక్కినను మోటారు ఆ క్షణమే తిరుగును. ఇది ప్రాణముల సంగతి.

2. యజమాని నమోదుచేసిన నంబరులకు మాత్రమే పెట్టె లోబడునట్లు అమర్చవలెను.

3. కొనుటకు ముందు బావివద్ద సిగ్నలు గలదేమో చూడవలెను. సిమ్ముకార్డు గడువు తీరనీయరాదు.

4. ఇసుకనేలకు చాలిన అంకె నల్లరేగడికి చాలదు. రేగడి పగిలి కడ్డీకి మట్టి అంటకున్నను, చవుటినేలలో ఉప్పు హెచ్చినను అంకె తప్పును. కావున మొదటి పంటకాలమున వేళ్లలోతు మట్టిని తీసి, పిడికిట నొక్కి చూచి, అంకెతో పోల్చుకొనవలెను.

సెల్‌ఫోను స్టార్టరు ఎవరి మోటారునకు వారు పెట్టుకొనవలసినదే. తేమసాధనమట్లు కాదు. ఒకే విధమగు నేలయందు ఒకే పైరును ఒకే కాలమున వేసిన ఇరుగుపొరుగు రైతులు కలసి ఒకటి కొని, దాని అంకెనుబట్టి తడి దినములను నిర్ణయించుకొనవచ్చును. ఇట్లు కలసి కొనుటయే సంఘము పని. రాబోవు సమావేశమున సభ్యులు ఈ విషయమును తప్పక చర్చింతురుగాక.